కత్తెర పడిన కంబళి

యశోద వేసిన బొమ్మను చూసినవాళ్లందరూ ఒకటే అడుగుతారు. పైన నల్లగీత అంత నున్నగా, కింద రంగు అంత పలచగా, ఒకదాని మీద ఒకటి ఇంత పొందికగా ఎట్లా కూర్చున్నాయి అని. విజయవాడ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు భూతద్దం పెట్టి మరీ చూశాడు. యశోద మాత్రం "మిషను మంచిది సార్" అని తల వంచుకుంటుంది. ఆ మిషను సంగతి నాకు తెలియనిదా? జమ్మలమడుగులో దస్తగిరి లేతు షాపులో పాత ఇనుముతో పుట్టింది. తిప్పితే మూలుగుతుంది. నునుపు దానిది కాదు. ఎవరిదో ఆమె చెప్పదు. నాకు కడుపులో మాట దాచుకునే గుణం లేదు కాబట్టి నేనే చెప్తాను.

నా పేరు ఆర్షియా. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో మా అబ్బా పెట్టిన స్క్రీన్ ప్రింటింగ్ అంగడి నడుపుతున్నాను. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పెళ్లి కుదిరిందంటే శుభలేఖకు మా గడప తొక్కాల్సిందే. ఇప్పుడు పెళ్లిపిలుపులు ఫోన్లలోకి దూరాయి. గుడ్డల అంగళ్ల సంచులూ, నగల అంగళ్లవాళ్లు ఇచ్చే చిన్న పర్సులూ అచ్చేసుకుంటూ బతుకుతున్నాను. అంగడి వెనక గది ఖాళీగా ఉంటే అద్దెకిస్తానని బోర్డు పెట్టాను. ఆ బోర్డు చూసి వచ్చింది యశోద.

సన్నటి మనిషి, గట్టి గొంతు. పులివెందుల అవతల, తుమ్మలపల్లె దగ్గర పల్లె వాళ్లది. కురువోళ్లు, గొర్రెలు వాళ్ల కులవృత్తి. తమ్ముడు యువరాజ్ గొర్రెలొద్దని గనిలో కాంట్రాక్టు పనికి కుదిరాడు. తండ్రి సంజీవయ్య మాత్రం మంద వదల్లేదు. కొన్ని గొర్రెల్ని అమ్మి కూతుర్ని కడపలో బొమ్మల చదువు చదివించాడు. ఆ చదువుతో ఆమెకు దొరికింది మా ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు ఉద్యోగం. గొర్రె తోక బెత్తెడే అన్నట్టు ఆ జీతం ఏళ్లు గడిచినా అంతే ఉంది.

గదిలో ఏం చేస్తావని అడిగాను. జింకు రేకు మీద మైనం పూసి, సూదితో బొమ్మ గీసి, యాసిడ్‌లో ముంచుతానంది. గీసినచోట యాసిడ్ రేకును తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, పైన తుడిచేసి, తడి కాగితం పరిచి రోలరు కింద నొక్కితే గీత కాగితం మీదికి వస్తుంది. యాసిడ్ అంటే వేరే ఊళ్లో ఇల్లివ్వరు. మా సందులో పొద్దున లేస్తే బంగారం కరిగించేవాళ్ల యాసిడ్ వాసనే. ఇంకొకరు కలిస్తే ఎవరికి తెలుస్తుంది? తాళంచెవి ఇచ్చేశాను.

అప్పటికింకా మిషనే లేదు, వేయబోయే బొమ్మకు పేరు మాత్రం పెట్టేసింది. "మంద". ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని నేను ఎగతాళి చేశాను. సాయంత్రం ఎండలో పెన్న ఇసుకలో దిగుతున్న వాళ్ల నాయన గొర్రెల మంద ఆ బొమ్మ. గొర్రెలూ మనిషీ నల్లగీతలో రావాలి. ఆకాశమూ ఇసుకా రంగులో రావాలి. గీత ఆమెది, రంగు నాది. రేకుతో తీసిన గీతనూ స్క్రీన్‌తో వేసిన రంగునూ ఒకే కాగితం మీద కలపాలని ఆమె కోరిక. పెళ్లికార్డులు అచ్చేసే చేతికి ఇంత గౌరవం ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నేనూ కొంగు బిగించాను.

మిషను చేయమని ఇద్దరం జమ్మలమడుగు పోయాం. దస్తగిరి మేం గీసిన పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది చెరుకు రసం మిషనా, అప్పడాల మిషనా అని అడిగాడు. రెండూ కాదంటే, ఏదో ఒకటైతే నాలుగు దుడ్లన్నా వచ్చేవి గదమ్మా అని జాలిపడ్డాడు. చేసి మాత్రం ఇచ్చాడు.

ఇక మొదలయ్యాయి మా తిప్పలు. ముందు గీత వేసి పైన రంగు వేస్తే గీత మసకబారింది. ముందు రంగు వేసి పైన గీత వేస్తే గొర్రె ఒకచోట, దాని నీడ ఇంకొకచోట పడింది. తడిపితే కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఈ సంగతి మాకు తెలియక నీ స్క్రీన్ వంకరని ఆమె, నీ రేకు వంకరని నేను వారమంతా మొహాలు మాడ్చుకున్నాం. చివరికి ఆరిన గీతబొమ్మను కొలతగా పెట్టుకుని స్క్రీన్ తయారుచేశాం. పొడి కాగితం మీద రంగు వేసి, అది ఆరాక తడిపి, అప్పుడు గీత నొక్కాం. గొర్రె వచ్చి తన నీడ పక్కన నిలబడింది. ఆ రోజు ఇద్దరం నన్నారి షర్బత్ తాగాం.

అయినా గీత నిండుగా రాలేదు. రోలరుకూ కాగితానికీ మధ్య మందపాటి ఉన్నిగుడ్డ ఉండాలి. అది మెత్తగా నొక్కితేనే తడి కాగితం గాట్లలోకి దిగి సిరాను ఎత్తుకొస్తుంది. ఆ పనికోసం చేసే గుడ్డ విదేశాల నుంచి రావాలి. దాని ధర విని మళ్లీ ఆ పేరు ఎత్తలేదు. పాతచీరలు మడతపెట్టాం. బజారు దుప్పటి వేస్తే జారిపోయింది. స్పాంజి వేస్తే చితికిపోయింది.

అట్లాంటప్పుడు సంజీవయ్య వచ్చాడు. వరికోతలయ్యాక ఆయన మందను చెన్నూరు దిక్కు పొలాల్లో నిలుపుతాడు. గొర్రెల ఎరువు కోసం రైతులు పిలుస్తారు. ఆడినుంచి బస్సెక్కి కూతుర్ని చూడ్డానికి వచ్చాడు. భుజాన నల్ల కంబళి. మిషను ముందు కూర్చుని కూతురి తిప్పలన్నీ విన్నాడు. తర్వాత భుజం మీద కంబళి తీసి మడిచి రోలరు కింద పెట్టాడు. "దీన్ని ఏసి చూడు," అన్నాడు.

గీత వచ్చింది. నిండుగా, ప్రతి గొర్రె బొచ్చూ లెక్కపెట్టేట్టు వచ్చింది. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. యశోద నాయన చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా గిరగిరా తిప్పింది. ఆయన పోయేటప్పుడు వాకిట్లో నిలబడి ఒకే మాట చెప్పాడు.

"నీ పని అయినంక ఇయ్యి పాపా. నాకు తొందరేం లేదు."

ఆ కంబళి గురించి నాకు యశోదే చెప్పింది. వాళ్ల గొర్రెల ఉన్నిని వాళ్లవ్వ, అంటే సంజీవయ్య తల్లి, ఓబమ్మ వడికింది. జమ్మలమడుగు దగ్గర మగ్గాలవాళ్లు నేశారు. ఆ అవ్వా లేదు, ఆ మగ్గాలూ లేవు. వాళ్ల కులంలో పెళ్లికైనా పంచాయితీకైనా ఇంటి కంబళి పరుస్తారట. దాని మీద కూర్చుని అబద్ధమాడితే మందకు చేటు. గొర్రెకు కత్తెర పెడతారుగానీ కంబళికి పెట్టరు. సంజీవయ్య పెళ్లి ఆ కంబళి మీదే జరిగింది. ఇదంతా నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు పెళ్లిళ్లన్నీ మండపాల్లో సింహాసనం కుర్చీల మీద అయిపోతున్నాయి, ఇంకా కంబళి ఎవరు పరుస్తారక్కా అంది. తర్వాత ఆమె చేసింది తెలియక చేసిన పని కాదు. ఆ కాలం అయిపోయిందనుకుని చేసిన పని.

కంబళితో ఒక చిక్కు ఉంది. దాని నేత ముతక. నొక్కినప్పుడల్లా ఆ నేత ఆకాశం మీద సన్నటి గళ్లుగా పడేది. గుడ్డలో ముడి ఉన్నచోట తెల్లటి చుక్క పడేది. నాకది బాగుంది. మంద మీద కంబళి కప్పినట్టుంది అన్నాను. నీది శుభలేఖల కన్ను అక్కా అని నవ్వి, ఆ బొమ్మలన్నీ చెత్తలో వేసింది. నేనొకటి తీసుకుని నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. మిగిలినవి పెళ్లికార్డుల కట్టల మధ్య అట్టలుగా పోయాయి.

విజయవాడ ప్రదర్శనకు బొమ్మ పంపే గడువు దగ్గరపడింది. ఒక ఆదివారం మా బిర్యానీ డేగిసా కావాలని అడిగింది. కంబళి ఉతుక్కుంటుందేమోనని ఇచ్చాను. మరుసటి రోజు పోయి చూస్తే అయిపోయింది. సలసల కాగే నీళ్లలో సబ్బు వేసి, కంబళిని ఉడికించి, బండకు కొట్టి, పిండి ఆరేసింది. ఉన్ని ముడుచుకుని, నేత పూడిపోయి, దళసరిగా, నున్నగా అయింది. దాన్ని మిషను కొలతకు కత్తిరించింది. ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్కన కత్తెర.

మీ నాయనను అడిగినావా అన్నాను. నాయన నాకే ఇచ్చినాడు కదా అంది. పని అయినంక ఇయ్యమన్నాడు గదా అన్నాను. నా పని ఎప్పుడు అయిపోతుంది అక్కా అని నవ్వింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. డేగిసాకు పట్టిన గొర్రె వాసన మాత్రం పండగదాకా వదల్లేదు.

బొమ్మ అద్దంలా వచ్చింది. ప్రదర్శనకు ఎంపికైంది. బళ్లో పూలదండ వేశారు. అంతా బాగానే ఉంది. అప్పుడు యువరాజ్‌కు చిలమకూరు సంబంధం కుదిరింది.

పెళ్లికి ముందు సంజీవయ్య మళ్లీ వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, నేరుగా వెనక గదిలోకి పోయాడు. నేను టీ తీసుకుని వెళ్లేసరికి ఆయన కంబళి అడిగేశాడు. పెళ్లి మండపంలోనేనట. కానీ ఆడపిల్లవాళ్లు పాతకాలం మనుషులు. ముందురోజు ఇంటి ముందర కంబళి పరిచి మాట ఇచ్చిపుచ్చుకుంటేనే పిల్లను పంపుతామన్నారట. కంబళి ఇస్తే ఎండలో వేసుకుంటానన్నాడు.

యశోద ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను. ఉతకనిచ్చాను, ఇంకా రాలేదు, ఇట్లాంటివి. అట్లా చేయలేదు. పోయి మిషను మీదున్న ముక్కలు తెచ్చి నాయన ఒళ్లో పెట్టింది.

ఆయన శానాసేపు వాటిని తడిమాడు. ఒక్కొక్క ముక్కా తీసి అంచు చూశాడు. నేత కోసం చూస్తున్నాడని నాకు తర్వాత అర్థమైంది. కోపం వస్తుందనుకుని నేను టీ గ్లాసులు పట్టుకునే నిలబడ్డాను. ఆయన గొంతు లేవలేదు.

"పనికొస్తాందా?"

"వస్తాంది నాయనా."

"అయితే వాడుకో. పారెయ్యొద్దు."

టీ తాగాడు. చెప్పులు వేసుకున్నాడు. బస్టాండు దాకా యశోద వెంట పోయింది. తిరిగి వచ్చాక మిషను పక్కన నేల మీద కూర్చుని, తిట్టుంటే బాగుండేది అక్కా అని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఏడవనీ అనుకున్నాను. నా మనసులోనూ కోపం ఉంది.

పెళ్లికి నన్నూ తీసుకుపోయింది. ముందురోజు వాళ్లింటి ముందర పందిరి కింద ఎవరో దాయాది దగ్గర అరువు తెచ్చిన కంబళి పరిచారు. మధ్యలో పసుపు బియ్యం పోశారు. యువరాజ్‌నూ పిల్లనూ కూర్చోబెట్టారు. పెద్దలు చుట్టూ అంచుల మీద కూర్చుంటున్నారు. సంజీవయ్య కూడా కూర్చోబోయి ఒక కాలు కంబళి మీద పెట్టాడు. అప్పుడే చిలమకూరు పెద్దమనిషి అడిగాడు.

"ఏం సంజీవయ్యా, ఇది మీ ఇంటిది కాదే. ఓబమ్మ వడికిన కంబళి యాడ?"

సంజీవయ్య పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. మట్టి మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డాడు. అప్పుడు చెప్పాడు.

"పోగొట్టుకుంటి మామా. చెన్నూరుకాడ మంద పెట్టినప్పుడు యాడ్నో జారిపాయ."

పందిరి అంతా ఒక్కసారి నవ్వింది. గొర్రెను పోగొట్టుకున్నోణ్ణి చూసినాం, కంబళి పోగొట్టుకున్నోణ్ణి ఇప్పుడే చూస్తాండాం అని ఎవరో అన్నారు. కాపరికి కంబళి పోవడమంటే బడిపంతులు అక్షరాలు మర్చిపోయినట్టు. ఆయనా అందరితో పాటు నవ్వాడు. కూర్చోమంటే మోకాళ్లు నొస్తాండాయని చెప్పి, మాటలన్నీ అయ్యేదాకా కంబళి అంచుకు బయట మట్టి మీదే గొంతుక్కూర్చున్నాడు. పెళ్లికొడుకు తండ్రి అట్లా కూర్చోవడం చూసి ఆయన భార్య మొహం చిన్నబోయింది.

ఎందుకు ఎక్కలేదో ఆ పందిట్లో యశోదకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె చేతిలో పసుపు కుంకుమ పళ్లెం ఉంది. నేనే కోసేసినానని చెప్పడానికి ఆమె నోరు తెరవడం నేను చూశాను. ఆయనా చూశాడు. చూసి, కళ్లతోనే వద్దన్నాడు. పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ నిమిషంలో చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు. చెప్పలేదనేది మాత్రం ఆమెను ఇప్పటికీ తినేస్తోంది.

పేరు పెట్టడంలో మా జిల్లావాళ్లకు సాటి ఎవరూ లేరు. ఆ పెళ్లి నుంచి ఆయన "కంబళి పోయిన సంజీవయ్య" అయ్యాడు. సంతలో అదే పేరు, జాతరలో అదే పేరు. యశోద అనంతపురం దిక్కు తిరిగి ఒక కొత్త కంబళి కొనుక్కొచ్చి ఇచ్చింది. బాగుందని మెచ్చుకున్నాడు. అది అటక మీదే ఉంది. చలికాలం ఆయన మిల్లు దుప్పటి కప్పుకుని మంద వెంట పోతున్నాడు. ఆ ముక్కలు మిషను మీద చూడలేనని ఆమె ఒకసారి మూట కట్టి పెట్టింది. పారెయ్యొద్దన్నాడుగా అని నేనే మళ్లీ విప్పించాను. అప్పటినుంచి రోలరు తిప్పేముందు వాటి మీద ఒకసారి అరచెయ్యి పెడుతుంది. అది దండమో, క్షమాపణో నేను అడగలేదు.

ఈ ఏడు కోతలయ్యాక సంజీవయ్య మళ్లీ చెన్నూరు వచ్చాడు. ఆడినుంచి మా అంగడికి వచ్చాడు. నా బల్ల దగ్గరే కూర్చోబెట్టాను. యశోద ఎదురుగా నిలబడి, ఎన్నాళ్లనుంచో కూడగట్టుకున్న మాట చెప్పింది. ఈసారి వాళ్ల కులదేవుడు బీరప్ప జాతరలో పెద్దలందరి ముందర నిజం చెప్పేస్తానంది. కోసింది నేను, నవ్వులపాలైంది నువ్వు, ఇంక నావల్ల కాదు నాయనా అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు చెప్తే నేను అబద్ధమాడినోణ్ణయితా పాపా. పోగొట్టుకున్నోడంటే నవ్వుతారు, అంతే. కంబళి ముందర అబద్ధమాడినోడంటే నా మాట ఎవురూ నమ్మరు. నీ తమ్ముని పెండ్లి మాటను గూడా నమ్మరు."

"నువ్వు కంబళి మీద లేవు గదా నాయనా. మట్టి మీద నిలబడి చెప్తివి."

"అది దేవునికి చెప్పుకునే మాట. మనుషులకు చాలదు."

చెప్పాల్సిన రోజు యశోద చెప్పలేదు. ఇప్పుడు చెప్పుకుని బరువు దించుకునే దారి కూడా లేదు. టీ గ్లాసులు పెట్టడానికి బల్ల మీది శుభలేఖల నమూనాలు పక్కకు జరిపాను. అద్దం కింద ఆ పాత బొమ్మ బయటపడింది. యశోద చెత్తలో వేసిన మొదటి బొమ్మ. ఆకాశమంతా కంబళి గళ్లు.

సంజీవయ్య వంగి చూశాడు. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, ఆకాశంలో ఒక మూల ఉన్న తెల్లచుక్క మీద వేలు పెట్టాడు.

"ఈడ పోగు తెగితే నేనే ముడేస్తి. అమ్మ అప్పటికి మంచంలో ఉండాది."

యశోద వచ్చి ఆయన వేలు పక్కనే తన వేలు పెట్టింది. వెనక గదిలో ఉన్న ముక్కల్లో ఆ ముడి లేదు. ఉడుకుకు పూడిపోయింది. నేను అద్దం ఎత్తి బొమ్మ తీసి ఆయన చేతికిచ్చాను. ఇంటికి తీసుకుపొమ్మన్నాను. రెండు చేతుల్తో పట్టుకుని, వెలుతురుకు పెట్టి అటూ ఇటూ చూశాడు. అలవాటు కొద్దీ మడిచి భుజాన వేసుకోబోయినట్టు చేతులు లేచి, ఆగిపోయాయి. మళ్లీ అద్దం కిందే పెట్టేశాడు.

"బాగుండాది," అన్నాడు. "కప్పుకునేదానికే రాదు."